కడుపులో బగ్గులు, జేబుకు చిల్లులు

ఈమధ్య మా ఆఫీసు కెఫెటీరియాలో సంభాషణలు మారిపోయాయి. ఇదివరకు ఎవడు ఏ కంపెనీకి దూకాడు, ఎంత హైకిచ్చారు, నార్సింగిలో చదరపు అడుగు ఎంత పలుకుతోంది... ఇవీ కబుర్లు. ఇప్పుడు పెరుగన్నం కలుపుతూ కలుపుతూ "బాస్, నీ గట్ హెల్త్ ఎలా ఉంది?" అని అడుగుతున్నారు. కడుపు ఉబ్బరం అంటే నామోషీ, గట్ అంటే ఫ్యాషను. సబ్జెక్ట్ మాత్రం అదే.

మన జాతికి ఈ జబ్బులెందుకు ఎక్కువో పెద్దగా పరిశోధించక్కర్లేదు. రాత్రి తొమ్మిదింటికి అమెరికా వాళ్ళతో కాలు, అది అయ్యాక పదకొండింటికి బిర్యానీ, పొద్దున్న టిఫిను ఎగ్గొట్టి రెండు కాఫీలు, రోజుకి పది గంటలు కుర్చీ. ఇన్నీ చేసి నెలకోసారి ఒక సీసా కొని దేవుడి మీద భారం వేస్తాం. నేను మాట్లాడదామనుకున్నది ఆ సీసా గురించే.

మా రూమ్మేటు వాడే సీసా ఖరీదు పద్దెనిమిది వందలు. ముప్ఫై క్యాప్సూల్సు. దాని మీద "50 బిలియన్, 16 స్ట్రెయిన్స్" అని కొట్టొచ్చినట్టు రాసుంటుంది. "మామా, యాభై బిలియన్లు రా, ఊరికే కాదు" అంటాడు వాడు. ఏడాదికి లెక్కేస్తే ఇరవై ఒక్క వేల ఆరొందలు. మన ఒంట్లో ఉన్న బాక్టీరియా ఎన్నో 2016లో సెండర్, ఫుక్స్, మిలో అనే ముగ్గురు మళ్ళీ లెక్కగట్టారు. సుమారు 38 లక్షల కోట్లు, అంటే వాడి భాషలో 38,000 బిలియన్లు. (ఒంట్లో కణాల కన్నా బాక్టీరియా పదిరెట్లు ఎక్కువ అని ఇప్పటికీ అందరూ చెప్పే మాట ఆ లెక్కతోనే పోయింది, రెండూ దాదాపు సరిసమానమట.) దాంట్లో వీడి యాభై ఎంత? సీసా మీద అంకె పెద్దదైనంత మాత్రాన ఏమీ తేలదు. తేలాల్సింది వేరే ఉంది.

ప్రొబయోటిక్ అనే మాటకి 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి ఒక నిర్వచనం ఇచ్చాయి. సారాంశం ఏంటంటే, అవి బతికున్న సూక్ష్మజీవులై ఉండాలి, తగినంత మోతాదులో తీసుకోవాలి, తీసుకున్నవాడికి ఆరోగ్యపరంగా ఏదో ఒక మేలు జరగాలి. ఈ మూడో షరతు దగ్గరే మార్కెట్లో సగం సరుకు రాలిపోతుంది. ఎందుకంటే ఆ మేలు అనేది స్ట్రెయిన్ని బట్టి ఉంటుంది.

స్ట్రెయిన్ అంటే మన వాళ్ళకి చెప్పడం చాలా తేలిక. ల్యాక్టోబాసిల్లస్ అనేది ఇంటిపేరు లాంటిది. రామ్నోసస్ అనేది ఆ ఇంట్లో ఒక మనిషి పేరు. దాని పక్కన వచ్చే జీజీ ఉంది చూశారూ, అదీ వెర్షన్ నంబరు. 1983లో గోర్బాక్, గోల్డిన్ అనే ఇద్దరు వెతికి పట్టుకున్నారు కాబట్టి ఆ రెండక్షరాలు. పరీక్షలన్నీ జరిగేది ఆ వెర్షన్ మీద. లేబుల్ మీద ఉత్త "ల్యాక్టోబాసిల్లస్ రామ్నోసస్" అని రాసి వదిలేశారంటే, డిపెండెన్సీ ఫైల్లో లైబ్రరీ పేరు రాసి వెర్షన్ రాయనట్టే. మీ ప్రొడక్షన్ సర్వర్లో అలాంటిది ఎక్కిస్తారా? మరి కడుపులోకి ఎందుకు ఎక్కిస్తున్నారు? పైగా పదహారు రకాలు కలిపిన మిశ్రమాన్ని పరీక్షించాలంటే ఆ పదహారూ కలిసిన ఆ మిశ్రమాన్నే పరీక్షించాలి. విడివిడిగా మంచివైతే కలిపినా మంచివే అనుకోవడం, యూనిట్ టెస్టులు పాసయ్యాయని శుక్రవారం సాయంత్రం రిలీజు చెయ్యడం లాంటిది :)

ఇదంతా చదివి నేను ప్రొబయోటిక్స్‌కి వ్యతిరేకినని అనుకునేరు. సరైన చోట వాడితే వాటి బలమెంతో తెలియాలంటే మన పక్కనే ఉన్న ఒడిశాకి వెళ్ళాలి. అక్కడి పల్లెల్లో నాలుగున్నర వేల మందికి పైగా పసికందుల మీద పాణిగ్రాహి బృందం చేసిన ప్రయోగం 2017లో నేచర్ పత్రికలో వచ్చింది. నెలలు దాదాపుగా నిండి, రెండు కిలోల పైన బరువున్న పిల్లల్ని తీసుకున్నారు. ఒక నిర్దిష్టమైన ల్యాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ స్ట్రెయిన్ని, దానికి మేతగా ఒక రకం పీచుపదార్థాన్ని కలిపి, ఏడు రోజులు ఇచ్చారు. రెండు నెలల లోపు రక్తంలో ఇన్ఫెక్షన్ సోకడం, చనిపోవడం... ఈ రెండూ కలిపి చూస్తే 40 శాతం తగ్గాయి. ఒక్కో బిడ్డకి అయిన ఖర్చు సుమారు ఒక డాలరు. ఒకే స్ట్రెయిన్, వారం రోజులు, ఒక్క డాలరు. మా వాడి సీసాతో పోల్చుకోండి. (దీన్ని చూసి నెలలు తక్కువ పుట్టిన పిల్లలకి సొంతంగా ఇచ్చేయకండి. అలాంటి పిల్లల్లో ప్రొబయోటిక్సే ప్రాణం మీదికి తెచ్చిన సందర్భాలున్నాయని 2023లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది.)

పెద్దవాళ్ళ సంగతికొస్తే, కాస్త గట్టి ఆధారం ఉన్నది యాంటీబయోటిక్స్ వాడేటప్పుడు వచ్చే విరేచనాలకి. దానికి ఎక్కువగా వాడేవి జీజీ, ఇంకోటి సాకరోమైసిస్ బూలార్డీ. ఈ రెండోది బాక్టీరియా కాదు, ఈస్టు. 1920ల్లో హెన్రీ బూలార్ అనే ఫ్రెంచాయన ఇండోచైనాలో లిచీ, మంగుస్తాన్ పండ్ల నుంచి తీశాడు. ఈస్టు కాబట్టి యాంటీబయోటిక్ దాన్ని చంపలేదు. మిగతా వాటికైతే యాంటీబయోటిక్‌కీ దీనికీ మధ్య రెండు గంటలైనా ఎడం ఉండాలి. మనకి బాగా అలవాటైన చిన్న ప్లాస్టిక్ గొట్టాల్లో వచ్చే మందు మూడో రకం, బాసిల్లస్ క్లాసై స్పోర్లు. స్పోరు అంటే విత్తనం గింజలాగ మొద్దునిద్రలో ఉన్న బాక్టీరియా. అందుకే దానికి ఫ్రిజ్ అక్కర్లేదు.

మరి మన అసలు బాధలు? కడుపుబ్బరం, గ్యాసు, డెప్లాయ్‌మెంట్ రోజు పొద్దున్నే నాలుగుసార్లు పరుగు... అంటే డాక్టర్లు ఐబీఎస్ అనేది. ఇక్కడ వైద్యులే ఒక మాట మీద లేరు. అమెరికా గ్యాస్ట్రోఎంటరాలజీ అసోసియేషన్ 2020లో, పరిశోధనల్లో భాగంగా తప్ప ఐబీఎస్‌కి వీటిని వాడొద్దంది. బ్రిటన్ వాళ్ళు 2021లో, వాడాలనుకుంటే పన్నెండు వారాల దాకా వాడి చూడండి, గుణం కనపడకపోతే ఆపెయ్యండి అన్నారు. నాకు బ్రిటన్ వాళ్ళ మాట నచ్చింది. గడువు పెట్టారు కదా. మన దగ్గర గడువు లేకుండా వాడటమే అసలు జబ్బు.

నాకూ ఐబీఎస్ ఉంది. రెండేళ్ళ క్రితం డాక్టరు చెప్పింది. చెప్పగానే ఇంజినీరన్నవాడు చేసే పనే చేశాను, ఒక ఎక్సెల్ షీట్ తెరిచాను. రోజుకి మూడు కాలమ్స్: ఉబ్బరం ఎంత, ఎన్నిసార్లు వెళ్ళాల్సొచ్చింది, నిద్ర ఎన్ని గంటలు. ఒకసారికి ఒక్కటే మార్చడం, నాలుగు వారాలు చూడటం. మొదటి నాలుగు వారాలు ఏమీ మార్చలేదు, ఊరికే రాశాను. తర్వాత నాలుగు వారాలు స్ట్రెయిన్ పేరు పూర్తిగా రాసున్న ఒక క్యాప్సూలు. సగటు ఎక్కడున్నది అక్కడే. ఆపేశాను. తర్వాత నాలుగు వారాలు రాత్రి పూట ఇసబ్గోల్, చెంచాతో మొదలెట్టి రెండు చెంచాల దాకా. ఉబ్బరం మొదటి వారం పెరిగి, మూడో వారానికి సగానికి పడింది. ఆ తర్వాత కాల్స్ లేని వారాలకీ, ఉన్న వారాలకీ తేడా చూస్తే... ఆ అంకె మా మేనేజరుకి చూపించాలనిపించింది గానీ ఊరుకున్నా. ఇది ఒక్క మనిషి లెక్క, మీ ఒంటికి వర్తిస్తుందని నేననను. ఇసబ్గోల్ లాంటి కరిగే పీచు ఐబీఎస్‌కి పనికొస్తుందని మాత్రం పైన చెప్పిన రెండు దేశాల వైద్యులూ ఒప్పుకుంటారు. అది పండేది మన గుజరాత్, రాజస్థాన్లలో. మా వీధి చివర షాపులో వంద గ్రాముల డబ్బా నూటయాభై చిల్లర. పోస్టర్ బాయ్ లేడు కాబట్టి ఎవరికీ గొప్పగా అనిపించదు.

ఇక పెరుగు. మా అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న "ఏరా, పెరుగు తింటున్నావా?" అనే. ఆవిడ లెక్కలో మజ్జిగన్నం లేకుండా లేచినవాడు అన్నం తిననట్టే. మా రూమ్మేటు పద్దెనిమిది వందల సీసా గురించి చెప్తే, "పాలల్లో చెంచాడు చేమిరి వేస్తే తెల్లారేసరికి గిన్నెడు అవుతుంది, దానికి అంత డబ్బెందుకు పోశాడ్రా?" అంది. శాస్త్రం ప్రకారం ఆవిడ మాట ఎంతవరకూ నిలుస్తుంది?

ఖచ్చితంగా చెప్పాలంటే ఇంటి పెరుగు ప్రొబయోటిక్ కాదు. మన తోడులో ఏ స్ట్రెయిన్ ఉందో, ఎంతుందో ఎవరికీ తెలియదు, ఒక్కో ఇంటి తోడు ఒక్కో రకం. నిర్వచనం అక్కడ ఒప్పుకోదు. కానీ అందులో బతికున్న బాక్టీరియా కోట్లల్లో ఉంటుందన్నది నిజం. పాలు పడనివాళ్ళకి పెరుగు పడటానికి కారణమూ అదే, పాలల్లోని ల్యాక్టోజ్‌ని అరిగించే పని అవి కొంత చేసిపెడతాయి. పెరుగు గురించి చేసే గొప్పల్లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2010లో ఆమోదించింది ఈ ఒక్కదాన్నే. 2021లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 36 మంది మీద చేసిన ప్రయోగం ఇంకొకటి ఉంది. పది వారాల పాటు సగం మందికి పెరుగు, కెఫీర్, కిమ్చి లాంటి పులిసిన పదార్థాలు, మిగతా సగానికి పీచు ఎక్కువున్న తిండి పెట్టారు. పులిసినవి తిన్నవాళ్ళ పేగుల్లో సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగింది, రక్తంలో వాపుని సూచించే 19 ప్రోటీన్లు తగ్గాయి. చిన్న ప్రయోగమే. కానీ వాళ్ళు రోజుకి ఆరు సార్ల దాకా తిన్నారని గుర్తుంచుకోండి. వారానికో చిన్న కప్పు తిని "నేనూ ఫెర్మెంటెడ్ ఫుడ్ తింటున్నా" అంటే కుదరదు.

ఏ పెరుగైనా ఒకటేనా అంటే, ఫ్రిజ్‌లో ఉండే మామూలు ప్యాకెట్ పెరుగు చాలు. నెలల తరబడి బయట అల్మారాలో నిలవుండే డబ్బా మజ్జిగ వేరు. వేడిచేసి ప్యాక్ చేస్తారు కాబట్టి అందులో బతికుండేవి ఉండవు, దాహానికి తాగొచ్చు. జపాన్ నుంచి వచ్చిన చిన్న ఎర్రమూత సీసా యాకుల్ట్ మాత్రం ఈ విషయంలో నిజాయితీగానే ఉంటుంది. 1930లో మినోరు షిరోటా వేరుచేసిన స్ట్రెయిన్, అంకె కూడా రాస్తారు, 65 మిల్లీలీటర్లలో 650 కోట్లు. కాకపోతే చక్కెర ఉంటుంది. డయాబెటిస్ ఉన్న అమ్మానాన్నలకి రోజూ తాగించే ముందు లేబుల్ వెనక్కి తిప్పి చూడండి.

మన వాళ్ళకి ఇంకో జబ్బుంది. పులిసిందల్లా ప్రొబయోటిక్ అనడం. ఇడ్లీపిండి పులియబెట్టేది బాక్టీరియానే, నిజమే. ఆవిరి మీద ఉడికాక అందులో ఎవరు బతికుంటారండీ? ఇడ్లీ మంచిదే, తేలిగ్గా అరుగుతుంది, కానీ బతికున్న బాక్టీరియా కోసం తినేది కాదు. ఆవకాయలో ఉప్పు, నూనె, ఆవపిండి కలిసి చేసే పనే సూక్ష్మజీవుల్ని పెరగనివ్వకపోవడం. ఆవకాయని ప్రేమించడానికి నాకు వేరే కారణాలు చాలా ఉన్నాయి, ప్రొబయోటిక్ సర్టిఫికెట్ అక్కర్లేదు. రాయలసీమ, తెలంగాణ అంబలిలో కూడా పిండి రాత్రంతా పులిసినా పొద్దున కాచేస్తాం. తర్వాత కలిపే మజ్జిగ వల్లే అందులో ప్రాణం ఉంటుంది.

చద్దన్నం సంగతి కొంచెం ప్రత్యేకం. రాత్రి అన్నంలో నీళ్ళో మజ్జిగో పోసి ఉంచితే నిజంగానే పులుస్తుంది, వేడి చెయ్యకుండానే తింటాం. చల్లారిన అన్నంలో పిండిపదార్థం కొంత అరగని రూపంలోకి మారి పెద్దపేగు దాకా వెళ్ళి అక్కడి బాక్టీరియాకి మేత అవుతుంది. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ దీని మీద వాట్సాపులో తిరిగే ఒక లెక్క చూస్తే నాకు నవ్వాగదు. వంద గ్రాముల అన్నంలో 3.4 మిల్లీగ్రాముల ఇనుము పన్నెండు గంటలు పులిస్తే 73.91 అవుతుందట. ఇనుము మూలకం అండీ! రాత్రికి రాత్రి బాక్టీరియా ఇనుముని పుట్టించగలిగితే మనకి విశాఖ ఉక్కు ఎందుకు, ఆంధ్రుల హక్కు అని అంత పోరాటమెందుకు, గంగాళాల్లో చద్దన్నం పెట్టుకుంటే సరిపోయేది. పులవడం వల్ల ఉన్న ఇనుము ఒంటికి మెరుగ్గా పట్టే అవకాశం ఉంది, అంతే. ఇంకోటి, మే నెల ఎండల్లో ఊరికే బయట వదిలేసిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే వేరే బాసిల్లస్ కూడా పెరుగుతుంది. అది వాంతులు తెప్పిస్తుంది. కాబట్టి పులిసిన వాసనకీ పాడైన వాసనకీ తేడా తెలిసిన అమ్మమ్మ ఇంట్లో ఉంటేనే ఈ ప్రయోగాలు.

ఇన్ని చెప్పినా, నా దృష్టిలో డబ్బు పెట్టాల్సింది బాక్టీరియా మీద కన్నా వాటి మేత మీద. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికలు తిరగేస్తే, వంద గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాములు కూడా లేదు. జొన్నల్లో 10, రాగుల్లో 11, పెసల్లో 17, పొట్టుతో ఉన్న శనగల్లో 25. రోజుకి కావాల్సింది సుమారు 30 గ్రాములు. మూడు పూటలా తెల్లన్నం తినేవాడికి అది ఎక్కడినుంచి వస్తుంది? సాయంత్రం నాలుగింటి సమోసా బదులు గుప్పెడు శనగ గుగ్గిళ్ళు, రాత్రి రెండు జొన్నరొట్టెలు, వారంలో రెండు మూడు రోజులు గోరుచిక్కుడో తోటకూరో, రోజూ ఒక జామకాయ. మా వీధిలో లెక్కేస్తే అదనంగా పడే ఖర్చు రోజుకి ముప్ఫై రూపాయల లోపే. ఒకేసారి పెంచితే మాత్రం కడుపు డోలు అవుతుంది, ఐబీఎస్ ఉన్నవాళ్ళకి శనగలు, ఉల్లి, వెల్లుల్లి అసలే ఇబ్బంది పెడతాయి. నెమ్మదిగా పెంచుకోవాలి.

ఇవన్నీ రాయడానికి అసలు కారణం మా టీములో ఒకాయన. పేరెందుకులెండి, ఆయన్ని అడిగే రాస్తున్నా. నాకన్నా ఆరేళ్ళు పెద్ద. రోజుకి ఆరేడుసార్లు విరేచనాలు, అప్పుడప్పుడు రక్తం. "పైల్స్ అయ్యుంటాయిలే, గట్ డిస్టర్బ్ అయింది" అనుకుని ఏడు నెలలు ప్రొబయోటిక్స్ వాడాడు. ఒక బ్రాండు పనిచెయ్యకపోతే ఇంకోటి. మధ్యలో ఎవరో చెప్పారని వేలు పోసి మలం శాంపిలు పంపి ఒక రంగురంగుల రిపోర్టు తెప్పించుకున్నాడు. దాన్ని చూసి వాళ్ళే ఇంకో క్యాప్సూలు అమ్మారు. ఎనిమిది కిలోలు తగ్గితే, "డైట్ బాగా పనిచేస్తోంది" అని మేమే మెచ్చుకున్నాం. చివరికి ఒకరోజు ఆఫీసు మెట్ల మీద కళ్ళు తిరిగి కూర్చుండిపోయాడు. హిమోగ్లోబిన్ ఏడు. కొలనోస్కోపీ చేస్తే అల్సరేటివ్ కొలైటిస్. ఇప్పుడు మందుల మీద బాగానే ఉన్నాడు. "ఏడు నెలల ముందు వచ్చుంటే ఇన్ని స్టెరాయిడ్లు పడేవి కావు" అన్నాడట డాక్టరు. ఆ క్యాప్సూల్స్ ఆయనకి విషమేమీ పెట్టలేదు. ఏదో ఒకటి చేస్తున్నాం కదా అనే ధైర్యాన్నిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళనివ్వలేదు. ఆయన భార్య ఆస్పత్రి బయట, "రక్తం పడుతోందని నాకు కూడా చెప్పలేదండీ" అని ఏడ్చింది.

కాబట్టి రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం, నిద్రలోంచి లేపే విరేచనాలు, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు కాన్సరు... ఇవి ఉంటే షాపుకి కాకుండా గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి వెళ్ళండి. సిగ్గుపడకండి. వాళ్ళు రోజంతా వినేది అదే.

ఇవేవీ లేవు, కొనే తీరాలి అంటారా? లేబుల్ మీద స్ట్రెయిన్ పేరు చివరిదాకా ఉందో లేదో చూడండి. అంకె "తయారైన రోజుకి" ఇంత అని రాశారా, "గడువు తీరేదాకా" ఇంత అని రాశారా చూడండి, రెండోదే మనకి కావాల్సింది. మన ఆహార ప్రమాణాల సంస్థ నిబంధనల ప్రకారం రోజు మోతాదులో కనీసం పది కోట్లు ఉండాలి. "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్" అని ఉంటే అది ఆహారంగా లైసెన్సు తీసుకున్న సరుకు, షాపువాడు ఎన్ని జబ్బులు తగ్గుతాయని చెప్పినా సరే. ఫ్రిజ్‌లో ఉంచమని రాసున్నది డెలివరీ కుర్రాడి సంచిలో మధ్యాహ్నమంతా తిరిగొస్తే దాని సంగతి మీరే ఊహించుకోండి. నాలుగు వారాలో, మహా అయితే పన్నెండు వారాలో క్యాలెండర్లో గుర్తు పెట్టుకుని, తేడా లేకపోతే ఆపెయ్యండి. కీమో లాంటి వాటి వల్ల రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ళు, ఒంట్లో సెంట్రల్ లైను ఉన్నవాళ్ళు డాక్టరుని అడక్కుండా ముట్టుకోవద్దు. ఫంగస్‌కి మందు వాడుతుంటే బూలార్డీ దండగ, ఆ మందు దాన్నే చంపేస్తుంది.

అన్నట్టు, ఇసబ్గోల్ వేసుకునేవాళ్ళు గ్లాసుడు నీళ్ళలో కలిపి వెంటనే తాగెయ్యాలి, ఆ తర్వాత ఇంకో గ్లాసు నీళ్ళు. నానబెట్టి కాల్ అయ్యాక తాగుదామనుకుంటే అది జిగురై కూర్చుంటుంది. పొడిగా మాత్రం నోట్లో వేసుకోకండి, గొంతుకి అడ్డం పడుతుంది.